వార్ధక్యమున రాత్రి మూత్రబాధ – ఔషధ చికిత్స

వయస్సు మళ్లినవారు రాత్రి నిద్రనుండి ఒకసారి మూత్రమునకు లేచుట సాధారణము. రెండు మూడు మారులు, అంతకు మించియు లేవవలసివచ్చినచో నిద్ర చెడును; పగలు మగత కమ్మును; చీకటిలో తొట్రుపడి పడుటవలన తుంటియెముక విరుగు ప్రమాదము కలదు. ‘ముసలితనము గదా’ యని సరిపెట్టుకొనుట తగదు. ఇందులకు ఔషధములు కలవు. కాని కారణమెరుగక పుచ్చుకొన్న ఔషధము మేలుకంటె కీడే యెక్కువగా చేయవచ్చును.

బెంగాలు–నాగపూరు రైల్వే నాటినుండియు ఉద్యోగార్థము బిలాసుపూరు చేరి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. వారిలో పదవీ విరమణ చేసి, 1997 నాటి విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య పథకమున చేరినవారికి రైల్వే ఆసుపత్రిలో చికిత్స లభించును. అచ్చటికి పోవుటకు ముందు ఇంటియొద్దనే చేయదగిన పని యొకటి కలదు. కొలతగీతలు గల పాత్రయొకటి యుంచుకొని, మూడు దినములపాటు ఏ వేళ ఎంత నీరు త్రాగినదియు, ఎంత మూత్రము పోసినదియు కాగితముపై వ్రాయవలెను. ఉదయము లేవగానే పోయు మూత్రమును రాత్రి లెక్కలోనే చేర్చవలెను. ఈ కాగితము వైద్యునకు మిక్కిలి యుపకరించును.

ఏలయన, 65 ఏండ్లు దాటినవారిలో 24 గంటల మూత్రమున మూడవ వంతుకు మించి రాత్రియే వెలువడినచో, లోపము మూత్రాశయమునందు గాక, మూత్రము అధికముగా తయారగుటయందున్నది. పగలు కాళ్లయందు చేరిన నీరు పరుండగానే రక్తమున కలిసి మూత్రముగా మారును. రక్తపుపోటునకు వాడు ఆమ్లోడిపిన్ వలనను కాళ్లు వాయవచ్చును. మధుమేహము, గురకతో నిద్రలో శ్వాస ఆగుట కూడ కారణములే. కాళ్లవాపు గలవారికి వైద్యులు ఫ్యూరోసెమైడ్ బిళ్ళను నిద్రకు ఆరు గంటలు ముందుగా, మధ్యాహ్నవేళ నిచ్చుట కలదు. పగలే నీరు తీసివేసినచో రాత్రి భారము తగ్గును. దానినే పడుకొనబోవుచు మ్రింగినవారికి బాధ హెచ్చును.

కొలత స్వల్పమై, మాటిమాటికి కొద్దికొద్దిగా వచ్చుచున్నచో మూత్రాశయమును, పురుషులలో ప్రోస్టేటు గ్రంథిని పరీక్షింపవలెను. గ్రంథి పెరిగినవారికి టామ్సులోసిన్ మార్గమును సడలించును. మంచముపైనుండి చటుక్కున లేచినచో తల తిరుగవచ్చును గనుక, కొంతసేపు అంచున కూర్చుండి లేవవలెను. ఫినాస్టెరైడ్ గ్రంథిని కుదించును గాని ఫలితమునకు ఆరు మాసములు పట్టవచ్చును. ఆక్సిబ్యుటినిన్ మూత్రాశయపు తొందరను అణచును. అయితే నోరు ఎండుట, మలబద్ధము, వృద్ధులలో మతి తడబాటు కలుగును. గ్రంథి పెరిగినవారు అంగడిలోని జలుబు బిళ్ళలను తమంతట వాడరాదు, మూత్రము బంధింపబడవచ్చును.

రాత్రి మూత్రమును నేరుగా తగ్గించు మందు డెస్మోప్రెసిన్. మూత్రమును చిక్కపరచుటకు మెదడు విడుదల చేయు హార్మోను వయస్సుతో రాత్రివేళ కొరవడవచ్చును. ఈ మందు దాని పని చేయును. దాని గుణమే దాని ప్రమాదము: నీరు దేహమున నిలిచి రక్తమునందలి సోడియము పడిపోవును. తలనొప్పి, వికారము, మతిభ్రంశము, మూర్ఛ దాని లక్షణములు. కావున మొదలిడుటకు ముందును, మొదటి వారమునను, నెల నాటికిని రక్తపరీక్ష చేయించవలెను. గుండె బలహీనులకును, ఫ్యూరోసెమైడ్ వాడువారికిని ఇది తగదు. మందు వేసిన రాత్రి నీరు మితముగా త్రాగవలెను.

జనులు ఈ రెంటిని, అనగా మూత్రమును హెచ్చించుదానిని, తగ్గించుదానిని గూడ ‘మూత్రపు బిళ్ళ’ యనియే పిలుచుటచే పొరపాటునకు తావు కలదు. చీటిపై మందుపేరు చదివించుకొనవలెను. వేసవిలో 45 డిగ్రీల ఎండ కాయు బిలాసుపూరున, రాత్రి బాధకు భయపడి పగలంతయు నీరు మానుట మరింత హాని. సాయంకాలము తరువాత తగ్గించిన చాలును.

మూత్రము బొత్తిగా వెలువడక పొత్తికడుపు ఉబ్బినను, మూత్రమున రక్తము కానవచ్చినను తెల్లవారువరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను.