రెండో బంతి పక్క కాలేజీకి

కర్నూలు

చిరంజీవి అల్లునికి,

నీ జాబు అందింది. కడపలో ఫిజికల్ డైరెక్టరు (పీడీ)గా చేరీ చేరగానే కాలేజీలో రగ్బీ పెడతానంటున్నావు, ప్రిన్సిపాల్ గారు కూడా సరేనన్నారంటున్నావు. సంతోషం. నువ్వు పంపిన ప్రణాళిక నిదానంగా చదివినా. జెర్సీల రంగు ఉంది, గోల్ స్తంభాల కొలత ఉంది, పదిహేను మంది పేర్లు ఉన్నాయి, ఈ ఏడే అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి పోవాలన్న ముచ్చటా ఉంది. నేల సంగతి ఒక్క ముక్క లేదు. ఎవరితో ఆడతారో అసలే లేదు. నాకు తెలిసినంతలో కొత్త ఆట ఏదైనా కాలేజీలో చచ్చేది ఈ రెండింటి దగ్గరే.

కలకత్తా కథ విన్నావో లేదో. 1872 క్రిస్మస్ రోజున అక్కడి తెల్లదొరలు ఇంగ్లండు వాళ్ళొక పక్క, స్కాట్లండు, ఐర్లండు, వేల్స్ వాళ్ళొక పక్క చేరి రగ్బీ ఆడారు. 1873 జనవరిలో క్లబ్బు పుట్టింది. మొదట్లో సభ్యులు బాగానే చేరారు. తర్వాత ఆడే పటాలం ఊరు వదిలింది, మిగిలినవాళ్ళు ఆ వాతావరణానికి టెన్నిసూ పోలో నయమనుకున్నారు. 1878లో క్లబ్బు మూసేశారు. బ్యాంకులోని సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, 270 రూపాయలు కరిగించి కప్పు చేయించారు. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఇంగ్లండూ స్కాట్లండూ ఆ కలకత్తా కప్పు కోసమే తలపడుతున్నాయి. పిల్లలకు చెప్పు, చెవులు రిక్కించి వింటారు. నువ్వు మాత్రం ఇంకో సంగతి చూడు. ఆ క్లబ్బు ఊళ్ళో పిల్లలకు ఆట నేర్పలేదు, చుట్టూ ప్రత్యర్థులను తయారు చేసుకోలేదు, ఎండకు తగ్గట్టు ఆటను మార్చుకోనూ లేదు. అయిదేళ్ళకే దుకాణం కట్టేసింది. అదే తూర్పు దిక్కున, భువనేశ్వర్‌లోని కళింగ సామాజిక శాస్త్రాల సంస్థలో చదివే గిరిజన పిల్లలు 2007లో లండన్ వెళ్ళి పద్నాలుగేళ్ళ లోపు పాఠశాలల అంతర్జాతీయ పోటీ గెలుచుకొచ్చారు. హాస్టలు పిల్లలు, ఒకే మైదానం, వదలకుండా సాధన. ఈ రెండింటిలో నీ కాలేజీ దేనికి దగ్గరో నువ్వే ఆలోచించు.

ముందు ఆ పదిహేను మంది జాబితా చింపెయ్. ఏడుగురి ఆటతో మొదలుపెట్టు. సగానికి ఏడు నిమిషాలు, నడుమ రెండు నిమిషాల విరామం, అంతే. మన ఎండలో అంతకంటే ఆడించడమూ తగదు. 2016లో రియో ఒలింపిక్స్‌కు రగ్బీ తిరిగొచ్చింది ఈ ఏడుగురి రూపంలోనే. ఆ సంవత్సరం మగవాళ్ళ బంగారు పతకం ఎవరికి పోయిందనుకున్నావు? పది లక్షల జనం కూడా లేని ఫిజీకి. 1903 నుంచి మన తెలుగువాళ్ళను మద్రాసు రేవులో ఓడెక్కించి చెరకు తోటల కూలికి తీసుకుపోయిన ఫిజీయే అది.

ఇక నేల. మా కర్నూలు పక్క నల్లరేగడి, వేసవిలో నెర్రెలు విచ్చి చీలమండను మింగుతుంది, వాన పడితే బూటును వదలదు. మీ పక్క గరుసు నేల, రాయి తేలి ఉంటుంది. ఏ నేలయినా ఏప్రిల్‌లో సిమెంటు గచ్చే. దాని మీద మనిషిని పట్టి పడేయమని ఏ పీడీ చెప్పినా అతని ఉద్యోగం ఊడబెరకాలి. జూన్‌లో తొలి వానలకు ట్రాక్టరుతో జానెడు లోతు దున్నించు, రాళ్ళేరించు, ఇసుక కలిపి నీళ్ళు పెట్టు. మొత్తం మైదానం అక్కర్లేదు, ఇరవై అడుగుల మడి ఒకటి మెత్తగా ఉంటే చాలు. అదీ కుదరకపోతే ప్రతి కాలేజీలో ఉండే లాంగ్‌జంప్ గుంత నీకున్న ఆస్తి. పడటం అక్కడే నేర్పు. మొదట మోకాళ్ళ మీంచి, తర్వాత నిలబడి, ఆ తర్వాత నడుస్తూ. చెయ్యి చాపి నేలకు ఆన్చనివ్వొద్దు, మణికట్టు పోతుంది. గడ్డం రొమ్ముకు ఆనాలి, బంతి గుండెకు హత్తుకోవాలి, తొడ, తుంటి, భుజం ఆ వరసలో నేలకు తగలాలి.

పడటం వచ్చేదాకా పట్టడం లేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నా, మొదటి ఏడాది మొత్తం పట్టులేని రగ్బీయే ఆడించు. నడుముకు రెండు పక్కలా గుడ్డపేలికలు దోపితే, బంతి ఉన్నవాడి పేలిక లాగడమే పట్టుతో సమానం. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడొచ్చు. ట్రాక్ ప్యాంటు చాలు కాబట్టి నిక్కరు మీద ఇంట్లో పేచీ రాదు. బంతిని వెనక్కే అందించాలన్న నియమం ఒంటికి పట్టడానికే వాళ్ళకు ఒక టర్మ్ పడుతుంది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడినవాడు అలవాటుగా ముందుకే విసురుతాడు. నవ్వుకోనీ, తిట్టకు.

రెండో ఏడు పట్టు నేర్పేటప్పుడు చెడుగుడు ఆడే కుర్రాళ్ళు ఎగబడి వస్తారు. వాళ్ళే నీ బలం, వాళ్ళతోనే ప్రమాదం. నడుం వంచి కాచుకోవడం, ఎదుటివాడి కాలు ఎటు తిరుగుతుందో పసిగట్టడం, తొడ పట్టు, ఇవన్నీ వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మాన్పించాల్సినవి వేరే ఉన్నాయి. చీలమండ కోసం తల ముందుకు పెట్టి దూకడం చెడుగుడులో మెప్పు. ఇక్కడ ఎదుటివాడు పూర్తి వేగంతో వస్తుంటాడు, మోకాలు నేరుగా కణతకు తగులుతుంది. తల ఎప్పుడూ పరిగెత్తేవాడి వెనకపక్క ఉండాలి, చెంప వాడి పిరుదుకు ఆనాలి, భుజం తగలాలి, రెండు చేతులూ చుట్టాలి. చేతులు చుట్టకుండా భుజంతో గుద్దితే పెనాల్టీ. భుజాల పైకి పట్టినా, మనిషిని ఎత్తి కుదేసినా అంతే, ఇంకా పెద్ద శిక్ష. ఇంకోటి, చెడుగుడులో కూత ఆగేదాకా పట్టు వదలరు. రగ్బీలో మనిషి నేలకు తగలగానే వదలాలి, పడ్డవాడు బంతినీ వదలాలి. ఈ ‘వదలడం’ నేర్పేసరికి నీ గొంతు పోతుంది. బంతి లేనివాణ్ణి అసలు ముట్టుకోకూడదని కూడా మొదటిరోజే చెప్పెయ్, మనవాళ్ళకు ఊపొస్తే ఎవరు కనబడితే వాళ్ళను పడేస్తారు.

ఖోఖో పిల్లలను మాత్రం మరిచిపోవద్దు. ఆ మలుపు, ఆ తప్పించుకోవడం రగ్బీలో అంచున పరిగెత్తేవాళ్ళకు కావాల్సిన విద్యే. మీ వీరపునాయునిపల్లె మండలం నుంచి వచ్చి 2025లో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడిన శ్రీచరణి కూడా క్రికెట్‌కు ముందు ఖోఖో, పరుగుపందేలు ఆడిన పిల్లే. ఏ ఆటలో ఎవరు తేలతారో ముందే గీత గీయకు.

తలకు దెబ్బ తగిలిన పిల్ల గానీ పిల్లాడు గానీ “నాకేం కాలేదు సార్” అంటారు. నమ్మొద్దు. ఆ రోజుకు ఆట ఆపించు, డాక్టరుకు చూపించు. మామూలు స్థాయి ఆటగాళ్ళు కనీసం 21 రోజులు మళ్ళీ మ్యాచ్ ఆడకూడదని వరల్డ్ రగ్బీ మార్గదర్శకం. రిమ్స్ ఆసుపత్రికి ఎవరి బండి మీద పోవాలో ముందే అనుకుని ఉంచు. వరల్డ్ రగ్బీ పాస్‌పోర్ట్ వెబ్‌సైటులో ఉచిత కోర్సులున్నాయి. నియమాల కోర్సు, ఆటగాళ్ళ భద్రత కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్టు ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాకే బంతి బయటికి తియ్యి.

వేళ సంగతి. పొద్దున అయిదున్నరకు హాస్టలు పిల్లలే వస్తారు. పల్లెల నుంచి ఆర్టీసీ పాసు మీద వచ్చేవాళ్ళు దిగేసరికి క్లాసు గంట కొడతారు, సాయంత్రం ఆఖరి బస్సు తప్పితే వాళ్ళ నాయన నీ మీదికి వస్తాడు. కాబట్టి వారంలో రెండు రోజులు మధ్యాహ్నం ఆఖరి పీరియడు ఆటకు ఇమ్మని టైంటేబుల్‌లోనే రాయించుకో. నోటిమాట వద్దు. నీళ్ళ డ్రమ్మూ, మజ్జిగా, ఓఆర్ఎస్ ప్యాకెట్లూ జెర్సీల కన్నా ముందు కొను. మార్చి నుంచి పగటి ఆట బంద్.

ప్రిన్సిపాల్‌కూ తల్లిదండ్రులకూ చెప్పడానికి నీకు రెండు ముక్కలు చాలు. 2020లో కేంద్రం ఉద్యోగాల క్రీడాకోటా జాబితాను 43 ఆటల నుంచి 63కు పెంచినప్పుడు రగ్బీ అందులో చేరింది. అదే ఏడు భువనేశ్వర్‌లో జరిగిన తొలి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్లోనూ రగ్బీ ఉంది. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది, హైదరాబాద్ హీరోస్ పేరుతో మన పక్క జట్టూ ఆడింది. అది టీవీ ముచ్చట, పిల్లలకు చూపించు గానీ ఉద్యోగం వస్తుందని ఎవరికీ మాట ఇవ్వకు.

చివరికి నీ లెక్కల్లో ఉన్న డబ్బు. జెర్సీలూ స్తంభాలూ కొట్టేసి నాలుగు బంతులు కొను. మొదటిది నీకు. రెండోది మైదుకూరు గానీ ప్రొద్దుటూరు గానీ, నీకు దగ్గరున్న కాలేజీ పీడీ చేతిలో పెట్టు. మూడోది నంద్యాల, నాలుగోది ఇక్కడికి నాకు పంపు. రిటైరైనా ఇక్కడి పీడీలు నా మాట వింటారు, ఒక కాలేజీని నేను ఒప్పిస్తా. కర్నూలు-కడప (కేసీ) కాలువ వెంబడి నాలుగు జట్లుంటే నెలకొక ఆదివారం ఒక్కో ఊళ్ళో కలవొచ్చు, ఖర్చు బస్సు చార్జీలే. అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి ఈ ఏడు పోవద్దు. వచ్చే ఏడూ వద్దు. మూడో ఏడు ఈ నాలుగు ఊళ్ళ పిల్లల్లోంచి ఎంచి పంపుదాం.

పక్క కాలేజీకి బంతి ఎందుకివ్వాలని మీ ప్రిన్సిపాల్ అడిగితే కలకత్తా కథ చెప్పు. దానికీ ఒప్పుకోకపోతే ఆ బంతి ఖరీదు నా పింఛనులోంచి పంపుతా, రాయి.

ఇట్లు,
మామ

తా.క. నువ్వు రాసిన స్తంభాల కొలతలు సరైనవే. కొనడం మాత్రం ఇప్పుడొద్దు, సున్నం గీతలు చాలు.