బడి గోడలు దాటిన చదువు

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించిన రోజులవి. రాజమహేంద్రవరం ట్రెయినింగ్ కళాశాల విద్యార్థులు కొందరు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వచ్చారు. ఆ విషయంలో తలవంచనందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుండి బహిష్కరించారు. ఉపాధ్యాయుడు కావలసిన ఆ యువకునికి ప్రభుత్వ పాఠశాలల తలుపులు మూసుకుపోయాయి. మరుసటి ఏడు 'స్వరాజ్య' పత్రికలో వెలువడిన వ్యాసానికి ఆయన కారాగారవాసం కూడా అనుభవించారు.

గుమాస్తాలను తయారుచేసే చదువు జాతికి చాలదన్న భావన అప్పటికే బలపడుతున్నది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతులు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. అక్కడ గ్రంథపఠనంతో పాటు నేత, చిత్రలేఖనం వంటి విద్యలకు కూడా స్థానం లభించింది. ఉదాత్తమైన ప్రయత్నమే. కాని ఒక కళాశాల ఎందరికి చోటివ్వగలదు? అక్షరం ముఖం చూడని పల్లె మాటేమిటి?

ఆ ప్రశ్నకు గ్రంథాలయోద్యమం సమాధానం వెతికింది. 1914లో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. దాని వెనుక ఉన్న కార్యదీక్ష అయ్యంకి వెంకటరమణయ్యది. నాటి గ్రంథాలయమంటే బీరువాలో తాళం వేసిన పుస్తకాలు కావు. చదువు వచ్చినవాడు వార్తాపత్రికను బిగ్గరగా చదువుతుంటే, రానివారు చుట్టూ కూర్చుండి వినేవారు, విన్నదానిపై వాదించుకొనేవారు. పన్నును గురించి, పాలకుని గురించి ప్రశ్న వేయవచ్చునన్న ఎరుక ఎందరికో అక్కడనే కలిగింది. ఓటు ఇంకా చేతికి రాని జనానికి అంతకంటె పౌరశాస్త్రం ఏమున్నది?

నిజాం రాష్ట్రంలో ఈ అవసరం మరింత తీవ్రమైనది. ఉన్నత విద్య ఉర్దూలో సాగే ఆ సీమలో 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెలుగు చదువుకు నీడనిచ్చింది. బడిలో దొరకని మాతృభాష గ్రంథాలయంలో దొరికింది.

పుస్తకం వద్దకు రాలేనివారి వద్దకు పుస్తకమే వెళ్ళాలని కార్యకర్తలు భావించారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. ఆనాడు కాలువలే రహదారులు. పడవ ప్రయాణమో, నిదానంగా సాగేది. గంటల తరబడి కూర్చునే ప్రయాణికుని కంటె మంచి పాఠకుడు ఎక్కడ దొరుకుతాడు! ఈ ఉపాయం తట్టినవారి లోకజ్ఞానానికి నమస్కరించాలి.

బడి నుండి వెలివేయబడిన హరిసర్వోత్తమరావు తన జీవితంలో అధికభాగాన్ని ఈ గ్రంథాలయాలకు, వయోజన విద్యకు ధారపోశారు. 1948లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో హైదరాబాదు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. చట్టం వలన నిధులు సమకూరాయి. అయితే ఊరివారు చందాలు వేసుకొని నిలుపుకొన్న సంస్థ ప్రభుత్వ శాఖగా మారినప్పుడు, ఇది మనదన్న మమకారం కొంత సన్నగిల్లిందని ఒప్పుకోక తప్పదు. హరిసర్వోత్తమరావు 1960లో కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చినది ఆ ఏటనే. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును నేటికీ చెల్లిస్తూనే ఉన్నాము. రశీదులో ఆ అంకెను గమనించేవారు మాత్రం అరుదు.