నోటీసు అందినంతనే ఇల్లు విడువవలెనా?

విక్టోరియా రాష్ట్రపు వెర్రిబీ, టార్నీట్, పాయింట్ కుక్ ప్రాంతములలో అద్దె యిండ్ల కాపురమున్న మనవారు, ఉద్యోగము పోయి అద్దె నిలిచిపోయిన కష్టసమయమున, ఏజెంటు పంపిన ‘నోటీస్ టు వెకేట్’ చేతికందగనే అదియే న్యాయస్థానపు తీర్పని భయపడి, పిల్లలతో సామానుతో స్నేహితుల యింటికి తరలిపోవుట మిక్కిలి అనర్థదాయకము. ఆ కాగితము గృహస్వామి కోరిక మాత్రమే. ఆ రాష్ట్రమున 1997 నాటి అద్దెల చట్టము ననుసరించి, ఇల్లు స్వాధీనపరచుమని ఆజ్ఞాపింపగలది వీక్యాట్ అను ట్రిబ్యునలు. ఆ ఆజ్ఞపై వారంటు పొందిన పిమ్మట అద్దెదారుని వెలికి పంపు అధికారము పోలీసులది. గృహస్వామి తానై తాళము మార్చుట, సామాను బయట పెట్టుట నేరము.

అద్దె 14 దినములు బకాయిపడినగాని ఈ నోటీసు ఇయ్యరాదు. ఇచ్చినను మరి 14 దినముల గడువుండవలెను. ఆ గడువులోపల బకాయి తీర్చినచో నోటీసు రద్దగును. అయితే ఈ సౌలభ్యము 12 మాసములలో మొదటి నాలుగు పర్యాయములకే గాని అయిదవ నోటీసునకు వర్తింపదు. కావున నోటీసు రాగానే అందలి కారణమును, తేదీని, అది చేరిన విధమును చూడుడు. మీ సమ్మతి లేనిదే దానిని ఈమెయిలున పంపరాదు.

బకాయి తీర్చలేనిచో, వీక్యాట్ జరుపు విచారణకు హాజరగుట అన్నిటికంటె ముఖ్యము. అద్దె బాకీ పడితిమని పదిమందికి తెలిసిన పరువు పోవునని మనవారు మౌనము వహించుట నాకు మిక్కిలి బాధాకరము. ఏలయన 2021 మార్చి 29 నుండి, బకాయి యున్నంతమాత్రమున గాక, ఇల్లు ఖాళీ చేయించుట సమంజసమా, పరిస్థితికి తగినదా యని కూడ ట్రిబ్యునలు విచారింపవలసి యున్నది. బ్యాంకు స్టేట్‌మెంటు, వైద్యుని లేఖ, క్రొత్త ఉద్యోగపు పత్రము చూపి, వారమునకు ఇంత చొప్పున బకాయి తీర్తునని విన్నవించినచో, ట్రిబ్యునలు వాయిదాల ఏర్పాటు చేసి నివాసమును నిలుపవచ్చును. తెలుగు దుబాసీని ముందుగా కోరినయెడల ఉచితముగా నియమింతురు.

2025 నవంబరు 25 నుండి కారణము చూపక ఖాళీ చేయుమనుట చెల్లదు; ఇల్లు అమ్ముటకో, తాము నివసించుటకో యైనను 90 దినముల గడువీయవలెను.

ఉచిత సలహాకు వెర్రిబీలోనే వెస్ట్‌జస్టిస్ అను న్యాయసహాయ సంస్థ కలదు. టెనెంట్స్ విక్టోరియా సంస్థయు సాయపడును. అనివార్య కారణమున విచారణ తప్పినవారు, ఆజ్ఞ సంగతి తెలిసిన 14 దినములలో పునర్విచారణ కోరవచ్చును. అట్టివారు వారంటు అమలు కాకమునుపే, వీలైనచో సంగతి తెలిసిననాడే, దరఖాస్తు చేయవలెను.