సంతకం నువ్వే పెట్టాలి

స్కార్‌బరో,
నవంబర్ 2025

అమ్మలూ,

ఫోన్లో నువ్వడిగిన దానికి ఒక్కమాటలో జవాబు చెప్పేదాన్నే. కానీ అల్లుడు పక్కనే ఉన్నాడని నీ గొంతు వినగానే అర్థమైంది. అందుకే రాస్తున్నా. ఇద్దరూ కలిసి చదవండి.

పిల్లల డబ్బుకి అప్లై చెయ్యి. ఈ వారంలోనే చెయ్యి.

‘గవర్నమెంటు దగ్గర చేయి చాచాల్సిన ఖర్మ మనకేం పట్టింది’ అన్నాడట అల్లుడు. ఆ అభిమానం మంచిదే, తప్పుపట్టను. కానీ కెనడా చైల్డ్ బెనిఫిట్‌ని అతను తెల్లకార్డుతో కలిపేస్తున్నాడు. ఇక్కడ 18 ఏళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో, బాగా పై ఆదాయాల వాళ్లకి తప్ప, అందరికీ ఎంతో కొంత వస్తుంది. స్కూలు టీచరూ తీసుకుంటుంది, బస్సు డ్రైవరూ తీసుకుంటాడు. ఎవరూ దాన్ని దానం అనుకోరు. 2016 జులై నుంచి ఈ పేరుతో ఇస్తున్నారు. దాని మీద పన్ను కూడా లేదు. రేపు అల్లుడికి ఉద్యోగం వచ్చాక ప్రతి చెక్కులోనూ పన్ను కోస్తారు కదా, అప్పుడు అతనికే తెలుస్తుంది ఈ డబ్బు ఎవరిదో.

మీ లెక్క నేనే వేశాను. ఈ జులై నుంచి వచ్చే జూన్ దాకా, ఆరేళ్ల లోపు బిడ్డకి ఏడాదికి 7,997 డాలర్లు, ఆరు నుంచి పదిహేడేళ్ల బిడ్డకి 6,748. ఇవి పూర్తి మొత్తాలు. కుటుంబ ఆదాయం 37,487 దాటితే అక్కణ్ణుంచి తగ్గుతూ పోతాయి. ఈ ఏడాదికి చూసేది 2024 ఆదాయం. అప్పుడు మీరు హైదరాబాదులోనే ఉన్నారు. ఇద్దరి జీతాలూ, కూకట్‌పల్లి ఫ్లాటు అద్దే కలిపినా 20 లక్షలు దాటదన్నావు. కెనడా డాలర్లలో అది 33 వేల లోపే. అంటే చంటాడికీ పెద్దదానికీ కలిపి నెలకి 1,228 డాలర్లు. మీ బేస్‌మెంట్ అద్దెలో ఎంత భాగమో నువ్వే చూసుకో.

పీఆర్ కోసం బ్యాంకులో చూపించి తెచ్చుకున్న సొమ్ముంది కాబట్టి మనకి రాదేమో అన్నావు. వాళ్లు అడిగేది ఆదాయం, దాచుకున్నది కాదు. ఆ సొమ్ము మీద వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే. అలాగే ఫ్లాటు అద్దె ఎక్కడో ఇండియాలో ఉంది, ఎవరు చూడొచ్చారు అని వదిలెయ్యకు. ఇక్కడికొచ్చిన రోజు నుంచి లోకంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడి రిటర్న్‌లో రాయాల్సిందే. అబద్ధం రాసి తీసుకున్న డబ్బుని తర్వాత వెనక్కి లాగేస్తారు.

ఫారం పేరు ఆర్‌సీ 66. కొత్తగా వచ్చినవాళ్లు దాంతోపాటు ఇంకో కాగితం నింపాలి, ఆర్‌సీ 66 ఎస్‌సీహెచ్ అని. మీరు ఎప్పుడొచ్చారు, రాకముందు ఇద్దరి ఆదాయమెంత అన్నది అందులో రాయాలి. పిల్లలు ఇక్కడ పుట్టలేదు కాబట్టి బర్త్ సర్టిఫికెట్లు జతచెయ్యాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇంట్లో ఉంటే పిల్లల్ని చూసుకునేది తల్లేనని వాళ్ల లెక్క. అందుకని దరఖాస్తు నీ పేరుమీద, సంతకం నీది, డబ్బు పడేది నీ ఖాతాలో. అల్లుడికి నామోషీ అయితే అతను ఆ పూట పక్కగదిలో కూర్చోవచ్చు. ఈ ఫారంతోనే జీఎస్‌టీ క్రెడిట్ కూడా చూస్తారు, అది మూడు నెలలకోసారి పడుతుంది. నింపిపెడతాం, ఇంత ఇవ్వండి అనే కన్సల్టెంట్లు మీ బ్రాంప్టన్‌లో వీధికొకరుంటారు. ఫారం ఉచితం, నింపడానికి నేనున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మన ఊళ్లో ఐటీ రిటర్న్ అంటే పథకాలకి శత్రువు. అమ్మఒడి అయినా, ఇప్పటి తల్లికి వందనం అయినా, ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లున్నారంటే పేరు ఎగిరిపోతుంది. అందుకే రిటర్న్ జోలికి పోకు, కార్డు పోతుందని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఇక్కడ అంతా తలకిందులు. రిటర్న్ వేస్తేనే వస్తుంది, వెయ్యకపోతే ఆగిపోతుంది. పిల్లల డబ్బు, జీఎస్‌టీ క్రెడిట్, ఒంటారియో వాళ్లిచ్చే ట్రిలియం బెనిఫిట్, పళ్ల వైద్యం ప్లాను, అన్నీ ఆ ఒక్క కాగితాన్ని చూసే కదులుతాయి. ఆదాయం సున్నా అయినా సరే, ఏప్రిల్ 30 లోపు ఇద్దరూ వెయ్యాలి. ఏటా మార్చిలో నేను కూర్చునే ఉచిత టాక్స్ క్లినిక్‌కి మనవాళ్లు చాలామంది వస్తారు. భర్త ఠంచనుగా వేస్తాడు, భార్య ‘నాకు జీతమే లేదు కదా’ అని మానేస్తుంది. జులై వచ్చేసరికి పిల్లల డబ్బు ఆగిపోతుంది, అప్పుడు పరుగులు. అల్లుడికి ఇంకోటి కూడా చెప్పు. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు, ఐదేళ్లలో మూడేళ్లకి రిటర్న్‌లు వేశారా అని కూడా చూస్తారు.

ట్రిలియం లెక్కలో మీరు కట్టిన అద్దె కూడా చూస్తారు కాబట్టి అద్దె రసీదు సంగతి. మీ ఇంటాయన క్యాషే కావాలి, రసీదు ఇవ్వను అన్నాడట. ఒంటారియో చట్టం ప్రకారం అద్దెకున్నవాళ్లు అడిగితే రసీదు ఇవ్వాల్సిందే, అదీ ఉచితంగా. గొడవపడకుండా, నవ్వుతూనే, ప్రతి నెలా అడుగు. కనీసం బ్యాంకు నుంచి ఈ-ట్రాన్స్‌ఫర్ చేస్తానను. ఎంత అద్దె కట్టారో రుజువు లేకపోతే రేపు ఇబ్బంది నీకే.

ఈ డబ్బు తీసుకుంటే పీఆర్‌కి ముప్పంటున్న డాలస్ మామయ్య మాటలు పక్కన పెట్టు. అమెరికాలో 1996 చట్టం ఉంది, గ్రీన్‌కార్డు వచ్చిన చాలామందికి ఐదేళ్ల దాకా ఫెడరల్ సాయాలు కొన్ని దక్కవు. ప్రభుత్వానికి భారమని ‘పబ్లిక్ చార్జ్’ ముద్ర వేస్తారన్న భయం ఎటూ ఉండనే ఉంది. ఆయన భయం ఆయన దేశంలో నిజమే. ఇక్కడ పిల్లల డబ్బు తీసుకున్నందుకు నీ పీఆర్‌కి గానీ పౌరసత్వానికి గానీ ఏమీ కాదు. ఆయన్ని కాదనకు, ఊఁ కొట్టి ఫోను పెట్టెయ్.

జాగ్రత్తపడాల్సిన సాయం వేరే ఉంది, ఒంటారియో వర్క్స్ అని. ఆదాయమే లేనివాళ్లకి నెలనెలా ఇచ్చేది. చేతిలో ఎంతుందో కూడా చూస్తారు, భార్యాభర్తలకి 15 వేలు దాటితే రాదు, కాబట్టి ప్రస్తుతం మీకు ఆ ప్రశ్నే లేదు. ఎప్పుడైనా పరిస్థితి అంతదాకా వస్తే సిగ్గుపడొద్దు, అది ఉన్నదే అందుకు. కాకపోతే అది తీసుకుంటున్నన్నాళ్లూ ఎవర్నీ స్పాన్సర్ చెయ్యనివ్వరు, వైకల్యం వల్ల తీసుకునేవాళ్లని తప్ప. అల్లుడికి వాళ్లమ్మని తెచ్చుకోవాలని ఉంది కాబట్టి చెబుతున్నా. ఆవిణ్ణి స్పాన్సర్ చేస్తే 20 ఏళ్లు ఆవిడ భారం మాదేనని రాసివ్వాలి. ఆలోపు ఆవిడ ఒంటారియో వర్క్స్ తీసుకుంటే బిల్లు అల్లుడికొస్తుంది. వృద్ధాప్య పింఛనుకి ఇక్కడ పదేళ్లయినా నివాసముండాలి. తల్లిదండ్రులు చూడ్డానికొచ్చే సూపర్ వీసా మీద వస్తే ఇవేవీ లేవు, ఆరోగ్య ఇన్సూరెన్స్ మనమే కొనాలి. ఇదంతా ఇప్పుడే తేల్చక్కర్లేదు.

హెల్త్ కార్డు వెంటనే తీసుకోండి. మూడు నెలలు ఆగాలని ఎవరో చెప్పారన్నావు, ఒంటారియోలో ఆ నియమాన్ని 2020 మార్చిలోనే ఎత్తేశారు. చంటాడి డేకేర్‌కి మీ పీల్ రీజియన్‌లో సబ్సిడీ ఉంది. పథకంలో చేరిన సెంటర్లలో ఎటూ రోజుకి 22 డాలర్లు మించి తీసుకోకూడదు. సీటు దొరకడమే కష్టం, ఇవాళే లిస్టులో పేరు రాయించు.

అల్లుడు వేర్‌హౌస్‌లో పని చూస్తున్నాడని విన్నా. తప్పేం లేదు, చాలామంది అక్కణ్ణుంచే మొదలుపెట్టారు. క్యాష్ ఇస్తాం, పేస్లిప్ ఉండదు అంటే మాత్రం వద్దని చెప్పు. రేపు పని పోతే వచ్చే ఈఐకి పనిగంటలు లెక్క. మనుండే ప్రాంతాన్ని బట్టి 420 నుంచి 700 దాకా చూపించాలి. కాగితం మీద లేని గంట గంటే కాదు.

వచ్చే డబ్బంతా అద్దెకీ సరుకులకీ పోతుందని నాకు తెలుసు. అయినా పిల్లలిద్దరికీ సిన్ నంబర్లు తీసుకుని వాళ్ల పై చదువుల కోసం ఆర్‌ఈఎస్‌పీ ఖాతాలు తెరువు. ఆదాయం తక్కువున్న ఏడాది కెనడా లెర్నింగ్ బాండ్ కింద ఒక్కో బిడ్డకి మొదట 500 డాలర్లు వేస్తారు, ఆ తర్వాత అర్హత ఉన్న ప్రతి ఏడాదీ 100. మీరు పైసా వెయ్యక్కర్లేదు. మీ ఆదాయం పెరిగిన ఏళ్లకి అది రాదు. అందుకే ముందే చెబుతున్నా.

ఆదాయం పెరిగితే పిల్లల డబ్బూ తగ్గుతుంది. మీ ఇద్దరిదీ కలిపి 80 వేలకి చేరిందనుకో, ఇప్పటి రేట్ల ప్రకారం ఏడాదికి 14,745 కాస్తా 9 వేల చిల్లరకి దిగుతుంది. అదీ వెంటనే కాదు, తర్వాతి ఏడాది జులైలో. కాబట్టి ఆ 1,228 చూసుకుని కారు ఈఎంఐ పెట్టుకోవద్దు. ఈ మాట అల్లుడికి కాదు, నీకే. కారు ఎవరికి కావాలో మీ అమ్మ చెప్పింది.

ఆదివారం వచ్చేటప్పుడు నలుగురి పాస్‌పోర్టులు, ల్యాండింగ్ కాగితాలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, మీ 2024 ఫారం 16లు పట్టుకురా. నీ బ్యాంకువాళ్లిచ్చే డైరెక్ట్ డిపాజిట్ కాగితం కూడా. జాయింట్ ఖాతాది కాదు, నీ సొంత ఖాతాది. లేకపోతే శనివారమే వెళ్లి తెరిచి రా.

పెద్దమ్మ