ట్వైన్‌తో తెలుగులో స్టోరీ గేమ్ చేయడం ఎలా? బోరు బావి ఉదాహరణతో

గేమ్ అనగానే మనకి గ్రాఫిక్స్, ఎఫ్‌పీఎస్ గుర్తొస్తాయి. కానీ ప్లేయర్ నిర్ణయాల మీద నడిచే కథ గేమ్‌కి పెద్ద పీసీ అక్కర్లేదు. ట్వైన్ అనే ఫ్రీ, ఓపెన్ సోర్స్ టూల్ చాలు. క్రిస్ క్లిమస్ దీన్ని 2009లో విడుదల చేశారు. నెట్‌ఫ్లిక్స్‌లో 2018లో వచ్చిన బ్యాండర్‌స్నాచ్ కథ కొమ్మల్ని చార్లీ బ్రూకర్ రాసుకున్నది కూడా ఇందులోనే.

మనకి ఇంకో లాభం ఉంది. సొంతంగా అక్షరాలు గీసే గేమ్ ఇంజిన్లలో తెలుగు ఒత్తులు తరచూ విడిపోతాయి. ట్వైన్ గేమ్ హెచ్‌టీఎంఎల్ ఫైల్ కాబట్టి అక్షరాల పని బ్రౌజరే చూసుకుంటుంది.

కథ ఏంటి?

మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె. జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడదు. ఇక్కడ రైతుకి పెద్ద ప్రశ్న ఒకటే: బోరు ఇంకో వంద అడుగులు దింపాలా, ఆపాలా? గేమ్‌కి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. ఎందుకంటే ఏది ఎంచుకున్నా ఖర్చు ఉంది.

స్టెప్ 1: ప్యాసేజ్‌లు, లింకులు

ట్వైనరీ డాట్ ఆర్గ్ సైట్ బ్రౌజర్‌లో ఓపెన్ చేసి కొత్త స్టోరీ మొదలుపెట్టండి. కథలో ఒక్కో ముక్కని ప్యాసేజ్ అంటారు. "డ్రిల్లింగ్" అనే ప్యాసేజ్‌లో ఇలా రాయండి:

[[ఇంకో వంద అడుగులు దింపు->డ్రిల్లింగ్]]
[[ఇక చాలు, ఆపు->ఆపడం]]

బాణం ముందున్నది ప్లేయర్‌కి కనిపించే మాట, తర్వాతది వెళ్లాల్సిన ప్యాసేజ్. మొదటి లింకు మళ్లీ అదే ప్యాసేజ్‌కి వస్తుంది కాబట్టి డ్రిల్లింగ్ లూప్ తయారైనట్టే.

స్టెప్ 2: గేమ్‌కి జ్ఞాపకశక్తి

ట్వైన్ డిఫాల్ట్ ఫార్మాట్ హార్లో. ఇందులో డాలర్ గుర్తుతో మొదలయ్యేవి వేరియబుల్స్. వీటి పేర్లు, మాక్రోలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయండి. మనకి నాలుగు కావాలి: నీటి మట్టం, లోతు, డబ్బు, అప్పు. లోతు, అప్పు సున్నాతో మొదలవుతాయి. డ్రిల్లింగ్‌కి వచ్చిన ప్రతిసారీ సెట్ మాక్రోతో లోతు ఒకటి పెంచండి, డబ్బు ఒకటి తగ్గించండి. తర్వాత ఇఫ్ మాక్రోతో లోతు నీటి మట్టాన్ని చేరిందా, డబ్బు అయిపోయిందా చూడండి. డబ్బు అయిపోతే "దింపు" లింకు కనిపించకూడదు.

ఇక్కడ ఒక డిజైన్ విషయం. నీటి మట్టాన్ని రేండమ్ మాక్రోతో గేమ్ మొదట్లో ఒక్కసారే తేల్చేయండి, ప్రతి వంద అడుగులకీ పాచిక వేయొద్దు. భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో ముందే ఉంటుంది, తెలియనిది మనకే. టెంకాయ పట్టుకుని పాయింట్ చూసినా అంతే కదా.

స్టెప్ 3: లెక్క సరిచూడటం

టెస్టింగ్‌కి ఫోన్ మా నాయన చేతికిచ్చాను. డబ్బు అయిపోగానే ఆయన అడిగిన మాట: "అప్పు తెచ్చేది యాడుంది రా దీంట్లో?" నాలుగో వేరియబుల్ అలా పుట్టింది.

ఇప్పుడు అంకెలు చూడండి. నీటి మట్టం 2 నుంచి 15 వందల అడుగుల మధ్య ఏదైనా కావచ్చు, అంటే 14 అవకాశాలు. చేతి డబ్బు 6 వందల అడుగులకి సరిపోతుంది: 5 అవకాశాల్లో నీళ్లు పడతాయి. అప్పుతో ఇంకో 4 వందలు దిగొచ్చు: మరో 4 అవకాశాలు. మిగతా 5 అవకాశాల్లో అప్పు మిగులుతుంది, నీళ్లు పడవు. అప్పు తెస్తే గెలుపు ఖాయమనీ గేమ్ చెప్పకూడదు, తెస్తే మునిగినట్టే అనీ చెప్పకూడదు.

నీళ్లు పడకపోతే "గేమ్ ఓవర్" అని పెట్టొద్దు. ఊళ్లో కథ అక్కడ ఆగదు. బెంగళూరు పనికి వెళ్లడమో, ఉన్న తేమకి బుడ్డలు వేయడమో, ఇంకో ప్యాసేజ్ ఇవ్వండి. అప్పు వేరియబుల్ అక్కడికీ వెంట రావాలి.

స్టెప్ 4: సేవ్, షేర్

బ్రౌజర్ వెర్షన్‌లో మీ స్టోరీ ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది. సైట్ డేటా క్లియర్ చేస్తే పోతుంది. కాబట్టి రోజూ ఆర్కైవ్ ఫైల్ దించుకోండి. పూర్తయ్యాక పబ్లిష్ టు ఫైల్ కొడితే ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్ వస్తుంది. దాన్ని వాట్సాప్‌లో పంపొచ్చు, ఇచ్ డాట్ ఐఓలో ఫ్రీగా పెట్టొచ్చు.

మొదటి గేమ్ పది ప్యాసేజ్‌లు దాటనివ్వకండి. మీ ఊళ్లో జనం నిద్ర మానుకుని ఆలోచించే నిర్ణయం ఒకటి తీసుకోండి. దాని ఖర్చులు మీకు ముందే తెలుసు కాబట్టి వేరియబుల్స్ వెతుక్కోనక్కర్లేదు.