చెక్క ఫోన్ స్టాండ్ చేస్తున్నారా? ముందు సరైన టేప్ ఎంచుకోండి

ఒకేలాంటి చెక్క ఫోన్ స్టాండ్‌లు నాలుగైదు కావాలంటే, టెంప్లేట్‌ని చెక్కకి డబుల్ సైడ్ టేప్‌తో అంటించి అంచు వెంట రౌటర్ నడిపిస్తాం. వైఫై రౌటర్ కాదండోయ్, చెక్క కోసే మెషిన్! మధ్యలో టేప్ జారితే చెక్క పాడవుతుంది, వేళ్లకీ ప్రమాదమే.

ఫోమ్ టేప్ వద్దు: గోడకి హుక్ అంటించడానికి ఓకే. కానీ మందంగా, మెత్తగా ఉంటుంది. రౌటర్ పక్కకి నెట్టగానే సాగి, కొలత తప్పుతుంది.

టిష్యూ టేప్ కూడా వద్దు: పలుచగానే ఉంటుంది కానీ, తీసేటప్పుడు చిరిగిపోతుంది.

గుడ్డ బ్యాకింగ్ ఉన్న పలుచని టేప్ బెస్ట్: అంతగా సాగదు, తీస్తే ఒకే ముక్కగా వస్తుంది.

అంటించే ముందు దుమ్ము శుభ్రంగా తుడవండి. ఈ జిగురు ఒత్తిడితోనే పట్టుకుంటుంది, కాబట్టి అర నిమిషం క్లాంప్ బిగించండి. మెషిన్ ఆన్ చేసే ముందు చేత్తో గట్టిగా నెట్టి చూడండి. కదిలితే మళ్లీ అంటించాల్సిందే.

పనయ్యాక బలంగా పీకొద్దు. హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది. ఫోన్ బ్యాక్ ప్యానెల్ ఊడదీసే ట్రిక్కే ఇది!

చివరగా ఒక మాట: ముక్క మరీ చిన్నదైతే టేప్‌ని నమ్మొద్దు, క్లాంపే వాడండి.