నేల గుణమెఱిఁగి ఎరువు వేయుదము

నల్లమల అడవుల చెంతనున్న అర్ధవీడు ప్రాంతము వానపై ఆధారపడిన మెట్ట సీమ. ఇచ్చట ఒక రైతుది ఎఱ్ఱ నేల, పొరుగు రైతుది నల్లరేగడి కావచ్చును. ఉభయులును ఒకే ఎరువును ఒకే లెక్కన చల్లినచో ఒకరి పైరు ఏపుగా నుండి, వేఱొకరిది పాలిపోవచ్చును. ఎరువుకై చేసిన అప్పు మాత్రము ఇరువురికిని సమానమే. ఈ భేదమునకు నేలలోని రసాయన గుణము ఒక ముఖ్య కారణము.

నేలలో పోషకమున్నంత మాత్రమున చాలదు. అది నీటిలో కరిగిననే వేళ్ళకందును. కరుగుట ఉదజని సూచికపై ఆధారపడియుండును. ఈ సూచిక 7 అయిన నేల తటస్థము. తగ్గిన ఆమ్లము, పెరిగిన క్షారము. సున్నపు గులకలు గల నల్లరేగడిలో ఇది 8 దాటుట సామాన్యము. అట్టి నేలలో భాస్వరము సున్నముతో కలిసి బిగిసిపోవును. ఇనుము, జింకు కూడ సరిగా అందవు. ఇనుము అందక లేతాకులు పసుపెక్కినపుడు యూరియా పెంచిన ప్రయోజనము లేదు.

భాస్వరము నేలలో అంతగా కదలదు. కావున దానిని విత్తునపుడే వేరు చెంత పడునట్లు వేయవలెను. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని కలదు. క్షారపు నేలపై చల్లి విడిచిన అందు కొంత వాయురూపమున పోవును. తడి మట్టిలో కలిపిన నిలుచును.

ఎఱ్ఱ నేలలు తేలికైనవి. పోషకములను పట్టియుంచు శక్తి తక్కువ. పశువుల ఎరువు తోలి, నత్రజనిని దఫాలుగా వేయుట మేలు. వేరుశనగకు పూత దశలో ఎకరమునకు 200 కిలోల జిప్సము వేసిన కాల్షియము, గంధకము లభించి కాయలు నిండును. కంది వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చును గనుక ఆ పైరుకు యూరియా ఖర్చు స్వల్పమే.

ఇవి కంటితో తేలునవి కావు, పరీక్ష కావలెను. 2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రముల పథకమున 12 అంశములు పరీక్షింతురు. పంట కోసిన పిదప పొలములో 8 లేక 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, బాగుగా కలిపి, అర కిలో పంపవలెను. గట్ల చెంత, చెట్ల నీడన, పెంటకుప్పల వద్ద తీయరాదు. ఎఱ్ఱ మట్టిని నల్ల మట్టితో కలుపరాదు.

పంచాయతీ సభ్యులు వేసవిలోనే నమూనాలు పంపించి, వచ్చిన ఫలితములను తొలకరికి ముందే గ్రామసభలో చదివి వినిపింపవలెనని మా మనవి. ఎరువు కొన్న పిదప వచ్చిన పత్రము రైతు అప్పును తగ్గింపజాలదు.